'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' నవల: హింస, భాష, ఎంపిక – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంథొనీ బర్జెస్ 1962లో వెలువరించిన 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' పదిహేనేళ్ల బాలుడు తన నోటితో తానే చెప్పుకున్న హింసాకథ. మంచిచెడులను ఎంచుకునే స్వేచ్ఛ లేని మనిషి మనిషే కాడన్న వాదానికి ఈ నవల పేరుపొందింది. ఆ వాదాన్ని మోసే కథనభాషే బాధితులను పాఠకుడి దృష్టి నుంచి తప్పిస్తున్నదని, ఎంపిక అనే హక్కు నవలలో ప్రధానంగా అలెక్స్ ఒక్కడికే దక్కిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికన్ ప్రతిలో తొలగించిన ఇరవై ఒకటవ అధ్యాయం ఈ లోపాన్ని పూడ్చిందా, మరింత బయటపెట్టిందా అన్నది చివరి చర్చ.

కీలక పదాలు: డిస్టోపియా, బాలకథకుడు, నాడ్సట్, నిబంధనం, రసాభాస, ఎంపిక, అనువాదం.

1. ప్రవేశిక

ఆంథొనీ బర్జెస్ (1917–1993) ముప్పైకి పైగా నవలలు రాశాడు. లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం వాటిలో ఒక్కదాన్నే. లండన్‌లోని హైన్‌మన్ సంస్థ 1962లో ప్రచురించిన ఈ చిన్న పుస్తకం తన మిగిలిన రచనలన్నిటినీ కప్పివేసిందని ఆయన జీవితాంతం బాధపడ్డాడు. 1985లో డి. హెచ్. లారెన్స్ మీద రాసిన గ్రంథంలోనైతే దీన్ని త్రోసిపుచ్చడానికి కూడా తాను సిద్ధమన్నాడు. రచయితే దూరం పెట్టదలచుకున్న పుస్తకాన్ని పాఠకలోకం ఇంత గట్టిగా పట్టుకోవడానికి స్టాన్లీ కూబ్రిక్ 1971లో తీసిన చలనచిత్రం ఒక కారణం కావచ్చు. అయినా సినిమా చూడకుండా పుస్తకమే చదివినవారికి కూడా ఇది ఒక పట్టాన వదిలే నవల కాదు. చదువుతున్నంతసేపూ ఉత్సాహం కలుగుతుంది. ఆ ఉత్సాహం దేనివల్ల కలిగిందో తెలిసినప్పుడు సిగ్గు కలుగుతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని అణిచిపెట్టి చేసిన వ్యాఖ్యానమైనా అసంపూర్ణమే అవుతుంది.

కథ ప్రసిద్ధమే కనుక నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. సమీప భవిష్యత్తులోని ఒక నగరం. అలెక్స్, అతని ముగ్గురు మిత్రులు పీట్, జార్జీ, డిమ్ రాత్రిళ్లు మత్తుపదార్థం కలిపిన పాలు తాగి వీధిన పడతారు. దారినపోయే వృద్ధుణ్ణి కొడతారు, దుకాణం దోస్తారు, ఊరి బయట ఒక రచయిత ఇంట్లో చొరబడి అతని కళ్లెదుటే అతని భార్యపై అత్యాచారం చేస్తారు. ఒక వృద్ధురాలి హత్యతో అలెక్స్ పట్టుబడతాడు. కారాగారంలో రెండేళ్లు గడిచాక ప్రభుత్వం అతనిపై 'లుడోవికో ప్రక్రియ' ప్రయోగిస్తుంది. మందు ఎక్కించి, కళ్లు మూతపడకుండా బిగించి హింసాచిత్రాలు చూపే ఈ చికిత్స ముగిసేసరికి హింస తలపుకు వస్తేనే అతనికి వాంతి వస్తుంది. బయటికి వచ్చిన అలెక్స్‌ను పాత బాధితులు ఒక్కొక్కరే ఎదుర్కొంటారు. అతడు కిటికీలోంచి దూకి చావబోతాడు. ప్రభుత్వం తన పరువు కాపాడుకోవడానికి చికిత్స ఫలితాన్ని తీసివేసి అతణ్ణి యథాస్థితికి తెస్తుంది.

పుస్తకం పేరు గురించి బర్జెస్ పలు వివరణలు ఇచ్చాడు. లండన్ సామాన్యుల నుడికారం అన్నాడు. 1950లలో తాను ఉపాధ్యాయుడిగా పనిచేసిన మలయాలో 'ఒరాంగ్' అంటే మనిషి అని కూడా గుర్తుచేశాడు. పైకి రసమున్న పండు, లోపల కీ ఇస్తే తిరిగే మర అన్నది సారాంశం. ('ఆరెంజ్' అన్న మాట 'నారంగ' నుంచి పారశీక, అరబ్బీల మీదుగా ఐరోపాకు చేరిందని, దాని తొలి మూలం ద్రావిడం కావచ్చని నిఘంటుకారుల ఊహ. ఆ లెక్కన తెలుగు నారింజకూ ఈ శీర్షికకూ దూరపు చుట్టరికం ఉంది.)

2. పీడితుడు కాని బాలుడు

బాలలు హింసకు పాల్పడే నవలలు ఆంగ్లంలోనూ ఇతర భాషల్లోనూ తక్కువేమీ కావు. విలియం గోల్డింగ్ 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' (1954)లో నిర్జన ద్వీపంలో చిక్కుకున్న పిల్లలు ఒకరినొకరు వేటాడతారు. కౌషున్ తకామి జపనీస్ నవల 'బాటిల్ రాయల్' (1999)లో ఒక తరగతి విద్యార్థులను ప్రభుత్వమే ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పుతుంది. సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008)లో పన్నెండు మండలాల నుంచి తెచ్చిన ఇరవై నలుగురు పిల్లల్లో ఒక్కరే ప్రాణాలతో మిగలాలి. ఈ కథల్లో చంపే పిల్లల మీద పాఠకుడి సానుభూతి నిలవడానికి ఒక వెసులుబాటు ఉంది. వారిని ఆ స్థితిలోకి నెట్టినది పరిస్థితో ప్రభుత్వమో. కాట్నిస్ విల్లు ఎక్కుపెట్టినప్పుడు పాఠకుడి కోపం రాజధాని మీదికి పోతుంది.

బర్జెస్ ఈ వెసులుబాటును ముందే తీసివేశాడు. అలెక్స్‌కు ఆకలి లేదు. పని చేసుకుని బతికే తల్లిదండ్రులున్నారు, తనకంటూ గది ఉంది, గదినిండా సంగీతపు రికార్డులున్నాయి. అతణ్ణి కనిపెట్టి ఉండవలసిన అధికారి డెల్టాయిడ్ ఇదే విషయం ఎత్తి, మంచి ఇల్లు, మంచి తల్లిదండ్రులు, పనికిరాని బుర్ర కూడా కాదు, మరి ఏ భూతం పట్టిందని విస్తుపోతాడు. అలెక్స్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మంచివాళ్లు ఎందుకు మంచివాళ్లయ్యారని ఎవరూ కారణం వెదకరు కదా, చెడ్డకు మాత్రం ఎందుకు వెదకాలన్నది అతని తర్కం. అంటే అతడు తన చెడ్డతనాన్ని తన సొంత సృష్టిగా చెప్పుకుంటున్నాడు. సామాజిక కారణాలతో నేరాన్ని వివరించడానికి అలవాటుపడిన విమర్శకు ఈ ధోరణి మింగుడుపడదు. నవల బలం మాత్రం ఇక్కడే మొదలవుతుంది. స్వేచ్ఛ గురించి మాట్లాడదలచిన రచయిత స్వేచ్ఛకు అత్యంత అసహ్యకరమైన ఉదాహరణనే ఎంచుకున్నాడు. అమాయకుణ్ణి ప్రభుత్వం మర మనిషిగా మారిస్తే తప్పనడానికి నవల అక్కర్లేదు. అలెక్స్ వంటివాణ్ణి మార్చడం కూడా తప్పేనని ఒప్పించాలంటే నవల కావాలి.

అతని వయసు విషయంలో రచయిత చేసిన ఏర్పాటు గమనింపదగినది. కథకుడు బాలుడని పాఠకుడికి మొదటి నుంచీ తెలుస్తూనే ఉన్నా, ఎన్నేళ్లవాడన్న లెక్క మొదటి భాగం ఆఖరులో, వృద్ధురాలు చనిపోయిన వార్త విన్నాకనే, బిగ్గరగా వినిపిస్తుంది. అప్పటికి అతనికి పదిహేనేళ్లు. అంతవరకు అతణ్ణి దుర్మార్గుడని నిర్ణయించుకున్న పాఠకుడు ఆ అంకె దగ్గర తడబడతాడు. సినిమాలో ఈ తడబాటుకు చోటు లేదు. మాల్కం మెక్‌డవెల్ 1943లో పుట్టినవాడు. చిత్రీకరణ నాటికి పాతికేళ్లు దాటిన నటుడి ముఖంలో బాల్యం కనిపించదు. సినిమా ద్వారా నవలను ఎరిగినవారు చాలామంది దీన్ని ఒక యువకుడి కథగానే తలుస్తారు. నవలలో నేరస్థుడూ బాలుడే, అతని బాధితుల్లో కొందరూ బాలలే. రికార్డుల దుకాణం నుంచి అతడు ఇంటికి తీసుకువెళ్లి అత్యాచారం చేసిన ఆడపిల్లలకు పదేళ్లు. సినిమా ఆ ఘట్టాన్ని పెద్ద వయసు యువతులతో, వేగంగా తిరిగే హాస్యసన్నివేశంగా మార్చివేసింది. సినిమా హింసాత్మకమని గగ్గోలు పుట్టి, కూబ్రిక్ 1970ల తొలిభాగంలోనే బ్రిటన్‌లో దాని ప్రదర్శనను ఉపసంహరించుకున్న సంగతి తెలిసిందే. ఆయన 1999లో మరణించాక, 2000లో గాని అది అక్కడ మళ్లీ విడుదల కాలేదు. అంత గగ్గోలుకు గురైన సినిమాకంటే పుస్తకమే ఎక్కువ క్రూరమైనదన్న విషయం చర్చల్లో తరచు మరుగునపడుతుంది.

3. నాడ్సట్ చేసే పని

పుస్తకం క్రూరమైనదైతే దాన్ని పాఠకుడు ఎలా సహించాడు? సమాధానం భాషలో ఉంది. అలెక్స్, అతని ఈడువారు మాట్లాడే యాసకు 'నాడ్సట్' అని పేరు. రష్యన్ భాషలో పదకొండు నుంచి పంతొమ్మిది వరకు అంకెల చివర వచ్చే ప్రత్యయం నుంచి తీసిన మాట ఇది. బర్జెస్ 1961లో లెనిన్‌గ్రాడ్ చూసివచ్చాడు. ఆనాటి బ్రిటన్ కుర్రకారు యాసను వాడితే నవల రెండేళ్లలో పాతబడుతుందని గ్రహించి, రష్యన్ మాటలను ఆంగ్ల శబ్దాలకు అతికించి ఏ కాలానికీ చెందని యాసను తయారుచేశాడు. 'డ్రూగ్' అంటే మిత్రుడు, 'మోలోకో' పాలు, 'క్రోవీ' నెత్తురు, 'టోల్‌చాక్' దెబ్బ.

ఈ మాటలను కేవలం వింత శబ్దాలుగా చూస్తే సగమే చూసినట్టు. బాగుంది అన్న అర్థంలోని రష్యన్ మాట 'ఖరషో' అలెక్స్ నోట 'హారర్‌షో' అయింది. మెచ్చుకోలు మాటలోనే భయానక ప్రదర్శన దూరి కూర్చుంది. రెండవ భాగంలో అతణ్ణి కుర్చీకి కట్టి చూపించేది అక్షరాలా అదే కావడం గమనార్హం. మనుషులు అన్న అర్థంలోని 'ల్యూదీ' కాస్తా 'లూడీస్' అయ్యేసరికి ఆంగ్ల చెవికి కాముకులన్న ధ్వని వినిపిస్తుంది. తల అన్న మాట 'గలివర్'గా మారి స్విఫ్ట్ కథానాయకుణ్ణి గుర్తుకు తెస్తుంది. ఏ మాటా శుద్ధంగా మిగలలేదు. చికిత్స చేసే వైద్యులు కూడా ఈ యాసను విని, దీని వేళ్లు స్లావిక్ భాషల్లో ఉన్నాయని, ప్రచారం ద్వారా మనసు అడుగుపొరల్లోకి చొచ్చుకుపోయిందని చర్చించుకుంటారు. తన చెడ్డతనం తన సొంత సృష్టి అనుకునే అలెక్స్ మాట్లాడే మాటే అతని సొంతం కాదన్నమాట. నవలలోని సూక్ష్మమైన వ్యంగ్యాల్లో ఇది ఒకటి.

బర్జెస్ పుస్తకానికి పదకోశం ఇవ్వలేదు. అమెరికన్ ముద్రణలో విమర్శకుడు స్టాన్లీ ఎడ్గార్ హైమన్ పదపట్టిక చేర్చడం ఆయనకు ఇష్టం లేదు. పాఠకుడు సందర్భాన్ని బట్టి, పునరుక్తిని బట్టి, తనకు తెలియకుండానే ఆ యాసను నేర్చుకోవాలని, అదే ఒక చిన్నపాటి మనోనిబంధనమని ఆయన భావించాడు. ఈ ప్రణాళిక ఫలించింది. అయితే ఫలించిన తీరులోనే చిక్కు ఉంది. మొదటి భాగంలో, అంటే వృద్ధుణ్ణి, దుకాణదారులను, రచయితనూ అతని భార్యనూ హింసించేటప్పుడు, పాఠకుడికి ఆ యాస ఇంకా కొత్త. నెత్తురు నెత్తురుగా కాక 'క్రోవీ'గా కారుతుంది. పాఠకుడి ధ్యాస బాధితుడి ముఖం మీద కాక మాట అర్థం మీద ఉంటుంది. దెబ్బ తగిలిందని తెలిసేలోపే వాక్యం ముందుకు పోతుంది. మూడవ భాగానికి వచ్చేసరికి పాఠకుడు ఆ యాసలో పండిపోయాడు. ఇప్పుడు దెబ్బలు తింటున్నది అలెక్స్. గ్రంథాలయంలో వృద్ధులు మీదపడి కొట్టినా, పోలీసులుగా మారిన డిమ్, బిల్లీబాయ్ ఊరి బయటికి తీసుకుపోయి కుమ్మినా, ప్రతి దెబ్బా తెర లేకుండా తగులుతుంది. ఒకే భాష, ఒకే మాటలు, ఒకే కథకుడు. బాధితుల నొప్పి మసకబారింది, పీడకుడి నొప్పి స్పష్టమైంది. ఈ అసమానత పాత్రచిత్రణలో లేదు, వాదంలోనూ లేదు. అక్షరాల అమరికలోనే ఉంది. కనుకనే పాఠకుడు దాన్ని పసిగట్టలేడు.

ఇది రచయిత ఉద్దేశపూర్వకంగా పన్నిన వల కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పాఠకుడు పీడకుడి పక్షం చేరిపోయాడని అతనికే చూపించడం గొప్ప కళాప్రయోజనం. ఒక్క చోట నవల ఆ పని చేసింది. మూడవ భాగంలో దెబ్బలు తిని వచ్చిన అలెక్స్‌కు అదే రచయిత, ఎఫ్. అలెగ్జాండర్, ఎవరో తెలియక ఆశ్రయం ఇస్తాడు. అలెక్స్ నోరు జారినకొద్దీ ఆ మాటతీరు ఎక్కడో విన్నట్టు అతనికి తోస్తుంది. అనుమానం బలపడుతుంది. నాడ్సట్‌ను ముచ్చటగా కాక తన ఇంటిని కూల్చిన గొంతుగా విన్నవాడు పుస్తకం మొత్తంలో అతనొక్కడే. ఈ ఘట్టం అద్భుతమైనది. కాని బర్జెస్ దాన్ని నిలవనివ్వలేదు. వెంటనే అలెగ్జాండర్‌ను పిచ్చిపట్టిన ప్రతీకారిగా, రాజకీయ లబ్ధి కోసం అలెక్స్‌ను చావుకు నెట్టే కుట్రలో భాగస్వామిగా మార్చివేశాడు. వినగలిగిన ఒక్క చెవిపై కూడా పాఠకుడికి నమ్మకం లేకుండా చేశాడు.

ఈ నవలను తెలుగు చేయబూనితే ఏమవుతుందన్న ఆలోచన పై విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1962 నాటి బ్రిటిష్ పాఠకుడికి రష్యన్ శబ్దం అంటే ప్రచ్ఛన్న యుద్ధపు భయం. తెలుగు పాఠకుడికి రష్యన్ అలా చేరలేదు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు, మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు వంటివారు చేసిన అనువాదాలు రష్యన్ పేర్లను, మాటలను ఇంటి అల్మారాలోకి తెచ్చాయి. ఆ తరం పాఠకుడికి 'మోలోకో' వింటే పిల్లల కథల పుస్తకం గుర్తుకు రావచ్చు గాని వెన్ను జలదరించదు. పోనీ 'డ్రూగ్'ను 'దోస్త్' అందామంటే అది తెలంగాణ వాడుకలో అతి మామూలు మాట, పైగా ఆప్యాయమైనది. ఇంగ్లీషు మాటలు కలిపితే ఇవాళ్టి ఏ కళాశాల ఆవరణలోనైనా వినిపించే సంభాషణ అవుతుంది. అదే దశకంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి సారా వ్యాపారుల, దొంగల, చిల్లర నేరస్థుల నోట ఉత్తరాంధ్ర మాటను పలికించాడు. ఆ మాట వినగానే పలికినవాడి పేట, పొట్ట, పోలీసుతో అతనికున్న సంబంధం అన్నీ కళ్లకు కడతాయి. నాడ్సట్‌కు పేట లేదు. అది మాట్లాడేవాణ్ణి సమాజంలో నిలబెట్టడానికి కాక సమాజం నుంచి తెంచడానికి పుట్టిన యాస. తెలుగు అనువాదకుడికి నిజమైన కష్టం ఇక్కడ వస్తుంది. తెలుగులో ఏ యాస పెట్టినా ఏదో ఒక ప్రాంతం, ఏదో ఒక కులం, ఏదో ఒక తరగతి నేరస్థ భాషగా ముద్రపడుతుంది. కృతక భాషను కొత్తగా కల్పించడమొక్కటే దారి. అప్పుడైనా ఆ కృతకత్వం బాధితుల్ని కప్పివేసే దోషం మూలం నుంచి అనువాదానికి సంక్రమిస్తుంది.

4. ఉత్సాహం, జుగుప్స

భారతీయ అలంకారశాస్త్ర పరిభాష ఈ చిక్కును తేటపరచడానికి అక్కరకు వస్తుంది. హింసకు సాధారణంగా చెప్పుకునే రసాలు రౌద్రం, బీభత్సం. రౌద్రానికి స్థాయి క్రోధం. అలెక్స్‌లో క్రోధం దాదాపు కనిపించదు. పుస్తకాలు మోసుకుపోతున్న వృద్ధుడిపై అతనికి పగ లేదు. అతనిలో కనిపించేది ఉత్సాహం, అంటే వీరానికి చెప్పిన స్థాయీభావం. బిల్లీబాయ్ ముఠాతో కత్తులపోరు నృత్యంలా సాగుతుంది. ఉచితమైన ఆలంబన లేని ఉత్సాహం వీరం కాదు, వీరాభాస. అనౌచిత్యమే రసభంగానికి మూలమని ఆనందవర్ధనుడు, ఆభాస హాస్యానికి దారితీస్తుందని అభినవగుప్తుడు చేసిన పరిశీలనలు ఇక్కడ అక్షరాలా సరిపోతాయి. పాఠకుడికి జుగుప్స కలగవలసిన చోట నవ్వు వస్తుంది. ఆ నవ్వే తరువాత అతణ్ణి బాధిస్తుంది.

లుడోవికో కుర్చీని ఈ దృష్టితో చూస్తే అది రంగశాలకు వికృతానుకరణ. సహృదయుడు తన ఇష్టంతో తన్మయుడవుతాడు. ఇక్కడ ప్రేక్షకుడి రెప్పలు బిగించారు. జుగుప్స భావంగా పుట్టలేదు, సూదిమందుగా ఎక్కింది. అందుకే చికిత్స ముగిశాక కూడా అలెక్స్ బాధితుడి నొప్పిని గ్రహించడు, తన కడుపు తిప్పుడునే గ్రహిస్తాడు. నాజీ దృశ్యాల వెనుక బీథోవెన్ అయిదవ సింఫనీ వినిపించడంతో సంగీతం కూడా వాంతితో ముడిపడిపోతుంది. అతడు గట్టిగా నిరసించేది ఆ ఒక్కదానికే. మనుషుల్ని చంపినవాడు సంగీతాన్ని పాడుచేయడం పాపమని గోలపెట్టడం నవలలో అతి చేదు ఘట్టం. కళ మనిషిని సంస్కరిస్తుందన్న నమ్మకాన్ని బర్జెస్ అంతకుముందే దెబ్బతీశాడు. ఉత్తమ సంగీతం వింటే కుర్రకారు నెమ్మదిస్తారని పత్రికలో ఎవరో రాసినది గుర్తొచ్చి అలెక్స్ నవ్వుకుంటాడు. బీథోవెన్ వింటే తనకు కొట్టాలనిపిస్తుంది. కారాగారంలో బైబిల్ చదివితే క్రీస్తును కొరడాతో కొట్టే రోమన్ సైనికుడిగా తనను ఊహించుకుంటాడు. సాహిత్యం హితంతో కూడినదన్న వ్యుత్పత్తిని తరగతిగదిలో చెప్పే అధ్యాపకుడు ఈ పుటలను దాటిపోవడం అంత తేలిక కాదు.

ఇక అసలు పోలిక. కుర్చీలో అలెక్స్‌ను హింస చూస్తే కడుపు తిప్పేలా తయారుచేశారు. అదే పుస్తకం, అదే కాలంలో, యాస ద్వారా పాఠకుణ్ణి హింస చూసినా కడుపు తిప్పకుండా తయారుచేసింది. రెండూ నిబంధనాలే. మొదటిదాన్ని నవల ఖండించింది. రెండవదాన్ని తన విజయంగా అనుభవించింది.

5. ఎంపిక ఎవరికి దక్కింది

నవల సిద్ధాంతాన్ని నేరుగా పలికేది కారాగారంలోని క్రైస్తవ బోధకుడు. ఎంచుకోలేని మనిషి మనిషి కాడన్నది అతని మాట సారం. 1950లు, 60లలో ప్రవర్తనవాదం బలంగా ఉంది. బి. ఎఫ్. స్కిన్నర్ 'వాల్డెన్ టూ' (1948) ఆ పద్ధతిలో నడిచే సమాజాన్ని ఆదర్శంగా ఊహించింది. కాథలిక్ కుటుంబంలో పుట్టిన బర్జెస్‌కు ఈ ఊహ దైవదూషణలా తోచి ఉంటుంది. మెచ్చుకోదగిన విషయం ఏమంటే, తన సిద్ధాంతాన్ని పలికే పాత్రను ఆయన మహాత్ముణ్ణి చేయలేదు. బోధకుడు తాగుతాడు. అలెక్స్ చేరవేసే ఖైదీల గుట్టును పై అధికారికి అందించి తన ఉద్యోగం చక్కబెట్టుకుంటాడు. సత్యం బలహీనుడి నోట వెలువడటం నవలకు జీవం పోసింది.

అయితే ఎంపిక మానవత్వానికి లక్షణమైతే అది బాధితులకూ ఉండాలి. ఎఫ్. అలెగ్జాండర్ భార్యకు నవల పేరు కూడా ఇవ్వలేదు. తరువాత ఆమె చనిపోయిందని భర్త చెబితే తెలుస్తుంది. పదేళ్ల పిల్లలిద్దరూ ఏడ్చి, తిట్టి, వెళ్లిపోతారు. ఆ తరువాత వారేమయ్యారో కథకు పట్టదు. పిల్లులను పెంచుకునే వృద్ధురాలు ఎదురు తిరిగి పోరాడుతుంది, ఆ పోరాటం హాస్యంగా నడుస్తుంది. మూడవ భాగం నిర్మాణం మొదటి భాగానికి అద్దం వంటిదని విమర్శకులు మెచ్చుకుంటారు. కొట్టిన ప్రతివాడూ తిరిగి కనిపిస్తాడని అంటారు. లెక్కపెట్టి చూస్తే తిరిగి వచ్చినవారు గ్రంథాలయంలోని వృద్ధుడు, బిల్లీబాయ్, డిమ్, అలెగ్జాండర్. అందరూ పురుషులే. స్త్రీలు చనిపోయారు, లేదా పుటల మధ్య మాయమయ్యారు. అద్దంలో సగమే కనిపిస్తున్నది. అలెక్స్ తన శ్రోతలను పదేపదే సోదరులనే సంబోధిస్తాడు. ఆంగ్ల పాఠకుడు దాన్ని పాత బైబిల్ శైలిగా తీసుకుని సాగిపోతాడు. సభల్లో 'సోదర సోదరీమణులారా' అన్న పిలుపుకు అలవాటుపడిన తెలుగు చెవికి లోటు వెంటనే తెలుస్తుంది.

బర్జెస్ జీవితం తెలిసినవారికి ఇది మరింత ఇబ్బంది కలిగిస్తుంది. ఆయన చెప్పిన ప్రకారం 1944లో, తాను సైన్యంలో జిబ్రాల్టర్‌లో ఉండగా, లండన్‌లో ఆయన మొదటి భార్య లిన్ మీద అమెరికన్ సైనికులు దాడిచేశారు. రచయిత ఇంటి ఘట్టానికి బీజం అదే. ఆ గాయాన్ని ఆయన దాడిచేసినవాడి గొంతుతో రాశాడు. పీడకుడికీ భర్తకూ ఒకే పేరు పెట్టాడు – అలెక్స్, అలెగ్జాండర్. లోపలి ప్రవేశం ఇద్దరు పురుషులకు దొరికింది. దాడికి గురైన మనిషి ఆ రెండు పేర్ల మధ్య పడిపోయింది. ఇది తట్టుకోలేని జ్ఞాపకాన్ని దూరం పెట్టడానికి రచయిత వేసుకున్న తెర కావచ్చు, అలా అయితే నాడ్సట్ మొట్టమొదట కప్పినది ఆయన కళ్లనే. ఆ అవకాశం నవలపై కోపాన్ని తగ్గిస్తుంది. లోపాన్ని తగ్గించదు.

6. ఇరవై ఒకటవ అధ్యాయం

నవల మూడు భాగాలు, ఒక్కో భాగానికి ఏడు అధ్యాయాలు. ఇరవై ఒకటి ఆనాటి చట్టం ప్రకారం మనిషికి పెద్దరికం వచ్చే వయసు. 1963లో నార్టన్ సంస్థ వెలువరించిన అమెరికన్ ప్రతిలో చివరి అధ్యాయం లేదు. డబ్బు అవసరం వల్ల ఒప్పుకోక తప్పలేదని బర్జెస్ తరువాత చెప్పాడు. ప్రచురణకర్తల పక్షం కథనం వేరు. ఏమైనా 1986 దాకా అమెరికాలో, కూబ్రిక్ సినిమా ద్వారా మిగిలిన లోకంలో కూడా, కథ ఇరవయ్యవ అధ్యాయంతోనే ముగిసింది. తొమ్మిదవ సింఫనీ వింటూ మళ్లీ కత్తి పట్టాలని కలలుగనే అలెక్స్ దగ్గర తెరపడుతుంది.

బ్రిటిష్ ప్రతిలో కథ ఇంకా ఉంది. అలెక్స్‌కు పద్దెనిమిదేళ్లు. కొత్త ముఠా ఉంది, కాని విసుగు పుట్టింది. జేబులో ఎక్కడో పత్రిక నుంచి కత్తిరించిన పసిపాప బొమ్మ ఉంది, అది బయటపడినప్పుడు సిగ్గుపడతాడు. పాత మిత్రుడు పీట్ భార్యతో ఎదురై మామూలు మనుషుల మాట మాట్లాడితే తానూ పెళ్లిచేసుకోవాలని, కొడుకును కనాలని అనుకుంటాడు. ఈ అధ్యాయం మెత్తనిదని అమెరికన్ పక్షం ఆక్షేపణ. మనిషి మారగలడని చూపకపోతే అది నవలే కాదని బర్జెస్ సమాధానం.

రెండు వాదాలూ ఒక విషయాన్ని దాటవేశాయి. అలెక్స్ మారడు, వయసు పెరుగుతుంది. పశ్చాత్తాపం అన్న మాటకు ఆ అధ్యాయంలో తావు లేదు. చంపినవారి జ్ఞాపకం అతణ్ణి వేధించదు. యౌవనం అంటే కీ ఇచ్చి వదిలిన రేకు బొమ్మ వంటిదని, అది నేరుగా పోయి దేనికో ఒకదానికి గుద్దుకోక తప్పదని అతడే చెబుతాడు. అంటే కీలుబొమ్మను చేసినది లుడోవికో ఒక్కటే కాదు, ప్రకృతి ముందే చేసిపెట్టింది. మరి అంతకుముందు ఇరవై అధ్యాయాలపాటు కాపాడవలసినదిగా చూపిన స్వేచ్ఛ ఎక్కడిది? చెడ్డతనం తన సొంత ఎంపిక అన్న మొదటి భాగపు ధీమా ఏమైంది? పాలపళ్లలా హింస కూడా ఊడిపోయేదైతే బోధకుడి ఆవేదనకు అర్థం లేదు, నాలుగేళ్లు ఆగితే సరిపోయేది. ఈ అధ్యాయం చేర్చితే నవల సిద్ధాంతం కూలుతుంది. తీసివేస్తే హింసోత్సాహమే చివరి మాట అవుతుంది.

అయినా ఈ అధ్యాయాన్ని ఉంచడమే మంచిది. సిద్ధాంతం కంటే నిజాయితీ దీనిలో ఎక్కువ. తన కొడుకు కూడా ఇవే పనులు చేస్తాడని, బహుశా ఎవరినో చంపుతాడని, తాను వివరించి చెప్పినా వినడని, వాడూ వాడి కొడుకును ఆపలేడని అలెక్స్ ఊహిస్తాడు. ఇంత నిరాశ ఇరవయ్యవ అధ్యాయంలో లేదు. మెత్తని ముగింపని ఆక్షేపించినవారు ఈ పుటను ఎలా చదివారో ఊహించడం కష్టం. ఒక్క పిల్లవాడి దుర్మార్గంగా మొదలైన కథ తరాల పొడవునా సాగిపోయే వరసగా మారి, చదువరిని మొట్టమొదటిసారి నవ్వు లేకుండా భయపెడుతుంది. ఆ ఊహలో కొడుకు ఉన్నాడు, కొడుక్కి కొడుకు ఉన్నాడు. కొడుకును కనవలసిన స్త్రీని ఇంకా వెదకాలి, ఆమెకు అక్కడా పేరు లేదు.